దసరా రద్దీలో బెజవాడ ఘాట్ల దగ్గర రాత్రి నిద్ర పట్టాలంటే: చోటు చూసుకోవడం నుంచి తిరుగు ప్రయాణం దాకా

మూలా నక్షత్రం నాడు సరస్వతీ అలంకారం చూడాలని ముందురోజు సాయంత్రమే కుటుంబంతో బెజవాడ చేరతారు. గదులు దొరకవు, దొరికినా ధర వినలేం. ఏ చెట్టు కిందో, టార్పాలిన్ నీడలోనో పక్క వేస్తారు. మైకులు, డప్పులు, జనరేటర్లు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలతో తెల్లవార్లూ కన్ను మూతపడదు. పొద్దున క్యూలైన్లో నిలబడితే కళ్ళు తిరుగుతాయి. "మీరు ఏటా వెళ్తారుగా, అసలెలా పడుకుంటారు?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పన్నెండు మందిమి గుంటూరు వైపు నుంచి టెంపో కట్టుకుని వెళ్ళి, తప్పులన్నీ చేసి నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవాళ్ళు దీన్ని చదవక్కర్లేదు. శివరాత్రినాడు నిద్రపోయే ఉపాయాలు చెబితే మా నాయనమ్మ ఊరుకోదు.

1. ఎంత నిద్ర కావాలో ముందే లెక్క వేసుకోండి

పెద్దవాళ్ళకు రోజుకు ఏడు గంటలైనా నిద్ర ఉండాలి. ఘాట్ దగ్గర అంత రాదు. వస్తుందని ఆశపెట్టుకుంటే పదిన్నరకే చిరాకు మొదలవుతుంది, చిరాకు పడ్డాక వచ్చే నిద్ర కూడా రాదు.

నిద్ర సుమారు తొంభై నిమిషాల విడతలుగా సాగుతుంది. అలాంటి విడతలు మూడు, అంటే నాలుగున్నర గంటలు, మధ్యలో తెగకుండా దక్కితే మర్నాటి దర్శనానికి ఒళ్ళు సహకరిస్తుంది. మిగిలింది పగటి కునుకుతో పూడ్చుకోవచ్చు. కాబట్టి రాత్రికి ఒకటే గురి పెట్టుకోండి: తెగని నాలుగున్నర గంటలు. ఆరు గంటలు పడుకుని పదిసార్లు లేవడం కంటే ఇదే మేలు.

ఆ గంటలు ఎప్పుడు అన్నది దర్శనం వేళను బట్టి వెనక్కి లెక్కించండి. మూలా నక్షత్రం రోజున క్యూలైన్లు తెల్లవారక ముందే కదులుతాయి. వేళలు ఏటా మారతాయి కాబట్టి దేవస్థానం ప్రకటన చూసుకోండి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. అందుకని పాటల హోరు పన్నెండు దాకా ఉంటుందనుకుని, ఆ తర్వాతి గంటల మీద ఆశ పెట్టుకోండి. రద్దీ ప్రకటనలు మాత్రం ఆగవు, ఆగకూడదు కూడా.

2. ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పనులు

ప్రయాణానికి ముందు మూడు నాలుగు రోజులు రోజూ ఒక గంట ఎక్కువ పడుకోండి. నిద్రకు ఇది ముందస్తు జమ లాంటిది. ముందు బాగా పడుకున్నవాడు ఒక్క రాత్రి నష్టాన్ని బాగా తట్టుకుంటాడు. మన ఇళ్ళలో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది: ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా పులిహోర కలుపుతూ, సంచులు సర్దుతూ కూర్చుంటాం. పులిహోర పని మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, సంచులు మాత్రం రెండు రోజుల ముందే సర్దేయండి.

చెవి ప్లగ్గులు కొని ఇంట్లోనే రెండు రాత్రులు పెట్టుకుని చూడండి. కొత్తలో చెవి నిండినట్టుగా ఉండి ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బందేదో ఘాట్ దగ్గర కాదు, ఇంట్లోనే తీరిపోవాలి.

తీసుకెళ్ళాల్సినవి:

- మెత్తని నురగ చెవి ప్లగ్గులు, మనిషికి రెండు జతలు (ఒకటి పోతుంది, లేదా దుమ్ములో పడుతుంది)
- కళ్ళకు కట్టుకునే ముదురు రంగు గుడ్డ
- గొడుగులా తెరుచుకునే మడత దోమతెర
- పెద్ద టార్పాలిన్ ఒకటి, నైలాన్ తాడు, నాలుగు మేకులు
- చాపలు, వాటి కింద పరవడానికి విప్పిన అట్టపెట్టెలు
- పల్చటి నూలు దుప్పట్లు, బొంత వద్దు
- బ్యాటరీ ఫ్యాను, పవర్ బ్యాంకు, చిన్న టార్చి
- దోమల క్రీము, రెండు తువ్వాళ్ళు, మంచినీళ్ళ క్యాను
- చెప్పులు దాచుకోవడానికి ఒక సంచి (దీని సంగతి కింద చెబుతాను)

గుండ్రటి క్యాంపింగ్ టెంటు కొనాలా అని చాలామంది అడుగుతారు. బెజవాడ ఉక్కపోతకు అన్నివైపులా మూసి ఉండే టెంటు పొయ్యిలా ఉంటుంది. పైన టార్పాలిన్, లోపల దోమతెర, నాలుగువైపులా గాలి ఉంటే మన వాతావరణానికి సరిపోతుంది. మీ దగ్గర టెంటు ఉంటే మాత్రం జాలీ కిటికీలన్నీ తెరిచే పెట్టండి.

3. చోటు చూసుకోవడం: సగం నిద్ర ఇక్కడే తేలిపోతుంది

నిద్ర ప్లగ్గులతో వస్తుందనుకుంటారు. కాదు, సాయంత్రం నాలుగింటికి మీరు ఎంచుకున్న చోటుతో వస్తుంది. ఆరు తర్వాత చేరితే మిగిలేవి స్పీకర్ల ముందు చోట్లే.

మొదటి ఏడాది మేం చేసిన పని చెప్తాను. ఒక పందిరి వెనక మంచి ఖాళీ కనపడింది. "ఏందిరా ఇంకా తిరుగుతున్నారు, ఇక్కడ గాలి బ్రహ్మాండంగా వస్తోంది" అంది మా పిన్ని. పక్కలేశాం. ఆరున్నరకు చీకటి పడగానే తెలిసింది, అది జనరేటర్ చోటని. ఆ గాలి దాని ఫ్యాను గాలి.

శబ్దానికి ఒక సులువైన లెక్క ఉంది. స్పీకరు నుంచి దూరం రెట్టింపు అయినప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. పది మీటర్ల దగ్గర 90 ఉంటే, ఇరవై మీటర్ల దగ్గర 84, నలభైకి 78, ఎనభైకి 72, నూట అరవైకి 66. మొదటి పది అడుగులు వేసినప్పుడు వచ్చే తేడా, ఆ తర్వాత వంద అడుగులు వేస్తేగానీ రాదు. స్పీకరుకు పక్కనే ఉంటే ఇరవై మీటర్లు జరిగినా లాభమే. ఇప్పటికే వంద మీటర్ల దూరంలో ఉంటే మరో ఇరవై మీటర్ల కోసం సామానంతా మోయక్కర్లేదు, అడ్డం వెతుక్కోండి.

అడ్డం అంటే గోడ, బస్సు, భవనం మూల. మైకు హారన్లు ముందుకే ఎక్కువ మోగుతాయి. వాటి వీపు వైపు, మధ్యలో ఒక గోడ ఉండేలా చూసుకుంటే పాటలో మాటలు అర్థం కానంతగా తగ్గుతుంది. డీజే బేస్ మాత్రం గోడల్ని చుట్టి వస్తుంది, దానికి దూరం ఒక్కటే మందు.

నది ఒడ్డున ప్రశాంతంగా ఉంటుందన్నది భ్రమ. రాత్రి నీటి మీది గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి ఉంటే శబ్దం నీటి వెంట జారుకుంటూ చాలా దూరం వస్తుంది. అవతలి ఒడ్డు పాట మీ చెవి పక్కనే పాడుతున్నట్టు ఉంటుంది. పైగా నీటి అంచున దోమలు. ఒడ్డు నుంచి వెనక్కి, కొంచెం లోపలికి రండి.

దిగువ మెట్ల మీద పడుకోవద్దు. సీతమ్మవారి పాదాలు, పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్ ప్రకాశం బ్యారేజీకి దిగువన ఉన్నాయి. పైనుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు, నీళ్ళు మెట్లెక్కుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన సంగతి ఊరు ఇంకా మర్చిపోలేదు. దసరా దానికి ఎంతో దూరంలో రాదు. ఇంకో సంగతి, పగలంతా ఎండలో కాలిన రాతిమెట్లు రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటాయి. చల్లటి గాలి తగులుతున్నా వీపు కాలుతుంది. మట్టి నేల, గడ్డి నేల నయం.

పరిచే ముందు ఒక్కసారి ఇవి చూసుకోండి:

- పోలీసులు, మున్సిపల్ సిబ్బంది ఉండమన్న చోటేనా? అడిగి మరీ తెలుసుకోండి. రాత్రి ఒంటిగంటకు లేపి పంపితే అసలుకే మోసం.
- క్యూలైన్, అంబులెన్సు దారి, మరుగుదొడ్లకు వెళ్ళే అడ్డదారి కాదు కదా? జనం మీ కాళ్ళ మీదుగా నడుస్తారు.
- పార్కింగ్ స్థలం కాదు కదా? వెనక్కి వచ్చే బండికి నేల మీద పడుకున్నవాళ్ళు కనపడరు.
- జనరేటర్ పొగ ఇటు వస్తోందా? ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. శబ్దం లేకపోయినా అక్కడ వద్దు.
- సీరియల్ సెట్ల వైర్లు చుట్టిన రెయిలింగుకు, కరెంటు స్తంభానికి తాడు కట్టబోతున్నారా? వద్దు.
- మరుగుదొడ్డి రెండు నిమిషాల నడకలో ఉందా? మరీ పక్కనే ఉంటే వాసన, తలుపుల చప్పుడు.

రెండు చోట్ల మధ్య ఎటూ తేలకపోతే ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూడండి. అది చూపించే అంకె నమ్మదగ్గది కాకపోయినా, ఒకే ఫోనుతో రెండు చోట్లా కొలిస్తే ఏది తక్కువో తెలుస్తుంది. కొలిచేది సాయంత్రం హారతి వేళ కొలవండి. మధ్యాహ్నం ఎక్కడైనా ప్రశాంతంగానే ఉంటుంది.

4. పక్క వేసే పద్ధతి

ముందు అట్టలు, వాటి మీద చాప, ఆ పైన దుప్పటి. అట్ట మెత్తదనానికే కాదు, నేల వేడిని, చెమ్మను ఆపుతుంది. టార్పాలిన్‌ని ఒక వైపు వాలుగా కట్టండి. ఆశ్వయుజంలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, చదునుగా కడితే నీళ్ళు నిలిచి నడిరాత్రి నెత్తిన పడతాయి.

తల స్పీకరుకు దూరంగా, కాళ్ళు అటువైపు. దీనివల్ల శబ్దం పెద్దగా తగ్గదు గానీ, అటుగా నడిచేవాళ్ళు తలకు తగలరు.

పడుకోబోయే ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుని, తడి తువ్వాలుతో మెడ తుడుచుకోండి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. ఆ తర్వాత బ్యాటరీ ఫ్యాను పాదాల వైపు నుంచి పెట్టండి. దీనికి మూడు ఉపయోగాలు: గాలి, దోమలు వాలకపోవడం, ఒకే తీరుగా సాగే చప్పుడు. మూడోది చిన్నదేమీ కాదు. ఆగి ఆగి వచ్చే చప్పుడే మనిషిని లేపుతుంది. ఫ్యాను రొద దాన్ని కప్పేస్తుంది.

దోమల చుట్ట మూసిన టెంటులో వెలిగించవద్దు. పొగతో గొంతు మంట, గుడ్డలతో నిప్పు భయం. తెర, క్రీము చాలు.

చెప్పుల సంచి గురించి అన్నాను కదా. చెప్పులు పోతాయేమోనన్న బెంగతో మా మామయ్య ఒక ఏడాది రాత్రంతా చెయ్యి వాటి మీదే వేసుకుని పడుకున్నాడు. సంచిలో వేసి తలగడ కింద పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు. డబ్బు, ఫోనులు, బంగారం కూడా ఒకే చిన్న సంచిలో, కాపలా మనిషి దగ్గర.

5. చెవులు, కళ్ళు

దూది పెట్టుకునేవాళ్ళకు ముందుగా చెప్పేది: దూది దాదాపు ఏమీ ఆపదు. మనసుకు తృప్తి, అంతే.

నురగ ప్లగ్గు పెట్టుకునే క్రమం ఇది:

1. చేతులు కడుక్కోండి. దుమ్ము చేతులతో చెవిలో పెట్టుకుంటే మర్నాడు చెవిపోటు.
2. ప్లగ్గును వేళ్ళ మధ్య సన్నటి పుల్లలా నలపండి.
3. అవతలి చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగండి. లోపలి దారి తిన్నగా అవుతుంది.
4. ప్లగ్గు లోపలికి పెట్టి, వేలితో అరనిమిషం పట్టుకోండి. అది లోపలే ఉబ్బాలి.
5. ఎదుటి నుంచి చూస్తే బయటికి పొడుచుకొచ్చి కనపడకూడదు. కనపడితే తీసి మళ్ళీ పెట్టండి.

ప్యాకెట్ మీద 30 డెసిబెళ్ళు అని రాసి ఉన్నా, సరిగ్గా పెట్టకపోతే అందులో సగం కూడా దక్కదు. సరిగ్గా పెడితే 20 దాకా తగ్గుతుందనుకుందాం. పైన చెప్పిన 66 కాస్తా 46 అవుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట ఉండాల్సిన పరిమితి 45. చోటు, ప్లగ్గు కలిస్తేనే లెక్క కుదురుతుందన్నది అందుకే. స్పీకరు ముందు పడుకుని ఎంత ఖరీదైన ప్లగ్గు పెట్టినా 70 మిగులుతుంది.

మైకులో పాటల కంటే ప్రకటనలే ఎక్కువ లేపుతాయి. పాట తెలిసిందే కాబట్టి మెదడు వదిలేస్తుంది. మాట వినపడితే, అందులోనూ మన పేరో మన ఊరి పేరో వినపడితే, నిద్రలో కూడా పట్టుకుంటుంది. "తెనాలి నుంచి వచ్చిన..." అనగానే తెనాలి వాళ్ళంతా లేచి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. ప్లగ్గు మాటల స్పష్టతను చెరిపేస్తుంది, దాని అసలు మేలు అదే.

కళ్ళ గుడ్డ లేకుండా మాత్రం పడుకోకండి. ఘాట్లంతా ఫోకస్ లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి. వెలుతురు తగులుతున్నంతసేపు ఒళ్ళు ఇంకా పగలనే అనుకుంటుంది. ఫోను చూడటం కూడా అలాంటిదే. అలంకారం ఫోటోలు గ్రూపులో పెట్టడం పొద్దున చేసినా అమ్మవారు ఏమీ అనుకోదు.

6. తిండి, కాఫీ

మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ, టీ మానండి. తాగిన అయిదారు గంటలకు కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ టీ, పదకొండుకు మిమ్మల్ని లేపి కూర్చోబెట్టేది అదే. నింద మాత్రం డప్పుల మీద పడుతుంది.

భోజనం ఎనిమిది లోపు. మిరపకాయ బజ్జీలు పగలు తినండి, రాత్రి పెరుగన్నం. ఉపవాసం ఉన్నవాళ్ళు కడుపు మరీ ఖాళీగా ఉంచితే ఆకలే లేపుతుంది, పాలు, అరటిపండు తీసుకోండి. నీళ్ళు పగలంతా బాగా తాగి, పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి తగ్గించండి.

నిద్రమాత్రలు, జలుబు మాత్రలు వేసుకుని పడుకోవడం వద్దే వద్దు. జనం మధ్య హఠాత్తుగా లేవాల్సి వస్తే మత్తులో ఉండకూడదు.

7. కాపలా వంతులు

అందరూ ఒకేసారి పడుకుంటే ఎవరికీ నిద్ర పట్టదు, ప్రతివాళ్ళకీ సామాను మీదే ధ్యాస. ఒకరు మెలకువగా ఉంటే మిగతావాళ్ళు నిశ్చింతగా పడుకుంటారు. కాపలా మనిషి ప్లగ్గులు పెట్టుకోకూడదు, ప్రకటనలు వినాల్సింది అతనే.

వంతులు వేయడంలో అందరూ చేసే పొరపాటు గంటకొకరిని లేపడం. రాత్రి పది నుంచి అయిదు దాకా ఏడు గంటలు. మూడు వంతులు చేస్తే ఒక్కొక్కటి రెండు గంటల ఇరవై నిమిషాలు. మొదటి, చివరి వంతువాళ్ళకు నాలుగు గంటల నలభై నిమిషాలు తెగకుండా దొరుకుతాయి, మనం పెట్టుకున్న గురి నెరవేరింది. మధ్య వంతువాడి నిద్రే రెండు ముక్కలవుతుంది. ఆ వంతు ఎవరికి? మధ్యాహ్నం గంటన్నర పడుకున్నవాళ్ళకు, లేదా తల వాల్చగానే గుర్రుపెట్టేవాళ్ళకు. ప్రతి ఇంట్లో అలాంటి అదృష్టవంతుడు ఒకడుంటాడు. రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునే కుర్రాళ్ళకు మొదటి వంతు, నాలుగింటికే లేచే అలవాటున్న పెద్దవాళ్ళకు చివరిది ఇవ్వండి.

అలారం ఒక్క ఫోనులోనే, వైబ్రేషన్లో, కాపలా మనిషి చేతిలో. అందరూ అలారాలు పెడితే మూడున్నరకు మీ గుంపే చుట్టుపక్కల వాళ్ళకు శబ్ద కాలుష్యం.

8. పిల్లలు, పెద్దవాళ్ళు

పిల్లల్ని మధ్యాహ్నం తప్పకుండా పడుకోబెట్టండి. రాత్రి గుంపు మధ్యలో, తల్లి పక్కన. చిన్నపిల్లలకు చెవిలో పెట్టే ప్లగ్గులు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. హెడ్‌ఫోన్‌లా చెవుల్ని కప్పేవి దొరుకుతాయి, నిద్ర పట్టేదాకా అవి చాలు. పడుకోబెట్టే ముందే ముంజేతి మీద ఫోను నంబరు పెన్నుతో రాయండి.

పెద్దవాళ్ళకు అంచు చోటు ఇవ్వండి, రాత్రి లేచినప్పుడు పదిమందిని దాటక్కర్లేదు. తల దగ్గర టార్చి, కర్ర. బీపీకి నీరు ఎక్కువ పోయే మాత్ర వాడేవాళ్ళు ఆ రోజు దాన్ని ఏ వేళ వేసుకోవాలో డాక్టరును అడిగి రావాలి.

9. నడిరాత్రి మెలకువ వస్తే

టైం చూడకండి. ఇంకా ఎన్ని గంటలున్నాయో లెక్క మొదలైందంటే నిద్ర పోయినట్టే. ప్లగ్గు జారిందేమో తడిమి చూసి, మళ్ళీ పెట్టుకుని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఒళ్ళు వాల్చి ఉండండి. లలితా సహస్రనామం తెలిసినవాళ్ళు మనసులో చదువుకోండి, మా పెద్దమ్మ ఎప్పుడూ సగం దాటలేదు.

అరగంటైనా పట్టకపోతే కాపలా మనిషితో వంతు మార్చుకోండి. ఎలాగూ మెలకువే కదా, అతనైనా పడుకుంటాడు.

పక్క గుంపువాళ్ళు పాటలు పెడితే కోపంతో వెళ్ళకండి. "పసిపిల్లలున్నారమ్మా, కాస్త తగ్గిస్తారా" అని ఆడవాళ్ళు అడిగితే దాదాపు అందరూ తగ్గిస్తారు. వినకపోతే బందోబస్తు పోలీసులకు చెప్పండి, లేదా 112.

10. దర్శనం తర్వాత, బండి తాళం తీసే ముందు

దర్శనమై కొండ దిగాక అందరికీ ఒకటే ఆత్రం, ఇంటికి వెళ్ళి పడుకుందామని. గుంటూరు ముప్పై అయిదు కిలోమీటర్లేగా అంటారు. హైవే మీద కళ్ళు ఒక్క క్షణం మూతపడటానికి ముప్పై అయిదు అక్కర్లేదు.

డ్రైవరు రాత్రి కాపలా వంతులో ఉండకూడదు. ముందురోజు మధ్యాహ్నం కూడా అతను పడుకోవాలి. ప్రసాదాలు, గాజులు కొనేవాళ్ళు కొంటుండగా, అతన్ని నీడలో ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. పడుకునే ముందు ఒక కాఫీ తాగితే, అది పని మొదలుపెట్టే వేళకు మెలకువ వస్తుంది. కునుకు ఇరవై దాటి ముప్పై, నలభై అయితే మబ్బుగా లేస్తాడు. అలా లేస్తే ముఖం కడుక్కుని, పావుగంట నడిచాకే స్టీరింగ్ పట్టాలి.

ఆగి ఉన్న బండిలో అద్దాలన్నీ మూసి, ఇంజన్ నడుపుతూ ఏసీలో పడుకోవద్దు. పొగ లోపలికి చేరితే తెలియదు. చెట్టు నీడ, తెరిచిన తలుపులు చాలు.

అద్దం దించితేనో, పాట పెద్దగా పెడితేనో నిద్ర ఆగదు. ఆవలింతలు వరసగా వచ్చినా, ఇప్పుడే దాటిన టోల్‌గేటు గుర్తు లేకపోయినా, పక్కకు ఆపేయండి. ముందు సీట్లో పక్కన కూర్చునేది రాత్రి బాగా పడుకున్న మనిషై ఉండాలి, మాట్లాడుతూ ఉండటమే అతని పని. మా టెంపోలో ఆ సీటు మా పిన్నిది. జనరేటర్ గాలి సంగతి ఎవరు ఎత్తినా కాజా టోల్‌గేటు దాటేదాకా వాదిస్తుంది, డ్రైవరుకు నిద్ర వచ్చే సమస్యే లేదు.